ఇపెక్ మంచు సెలవులు

గవర్నరు టర్కీలోని సివాస్‌లో బడులన్నిటికీ సెలవు ప్రకటించాడని ఫోనులో చూసేసరికి ఉదయం ఆరు కావస్తోంది. నూరాయ్ కిటికీ తెర తొలగించింది. కింద నిలిపిన కార్లన్నీ తెల్లటి దిబ్బలైపోయాయి. ఈపాటికి ఊళ్ళో పిల్లలందరూ మంచాల మీద గెంతులేస్తుంటారు. ఆమె మాత్రం పిల్లను ఎవరి దగ్గర వదలాలా అని ఆలోచిస్తోంది.

నూరాయ్ డయాలిసిస్ విభాగంలో నర్సు. మంచు పడిందని మనిషి ఒంట్లో విషం చేరడం ఆగదు. ఏడున్నరకల్లా మొదటి రోగి పడక మీద ఉండాలి. నిరుటిదాకా ఇలాంటి రోజుల్లో కూతురు ఇపెక్‌ను పై అంతస్తు ముసలావిడ చూసుకునేది. ఆవిడ చలికాలం రాకముందే కొడుకు దగ్గరికి అంకారా వెళ్ళిపోయింది. విడాకులిచ్చిన భర్త తున్‌జాయ్‌ రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. ఇలాంటి రోజున అతను ఇంట్లో ఉండడు.

ఇంట్లో ఉండేది అతని కొత్త భార్య గులిజార్. ఆవిడ బడిపంతులమ్మ. తనను పనికి తరిమే మంచే ఆవిణ్ణి ఇంట్లో వెచ్చగా కూర్చోబెడుతుంది. నూరాయ్‌కి అన్నిటికన్నా మింగుడు పడనిది అదే.

"గులి అక్క వాళ్ళింటికేనా అమ్మా?" అంటూ ఏడేళ్ళ ఇపెక్ దుప్పటి తన్నేసి లేచింది. బడి ఉన్న రోజు అరగంట బతిమాలితే గానీ మేజోళ్ళు తొడుక్కోని పిల్ల, రెండు నిమిషాల్లో కోటు గుండీలు కూడా పెట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

సాయంత్రం తీసుకురావడానికి వెళితే ఇపెక్ ముక్కు మీద పిండి, తల చుట్టూ కిరీటంలా చుట్టిన రెండు జడలు. "అప్పుడే వచ్చేశావా?" అంది తల్లిని చూసి. గులిజార్ నవ్వు ఆపుకోవడానికి తల పక్కకు తిప్పుకోవడం నూరాయ్ చూసింది.

ఇంటికి రాగానే కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని ఆ జడలు విప్పింది.

"ఎందుకమ్మా విప్పుతున్నావు?"

"బిగుతుగా వేసింది. తలనొప్పి వస్తుంది."

"రాలేదుగా."

"వస్తుంది. కదలకు."

జడలు చాలా నేర్పుగా వేసి ఉన్నాయి. విప్పడానికి పావుగంట పట్టింది.

పది రోజుల తర్వాత మళ్ళీ సెలవు. ఈసారి నూరాయ్ గులిజార్‌కి ఫోను చెయ్యలేదు. "ఇవాళ నాతో ఆసుపత్రికి రా. గులి అక్కకి ఏదో పనుందట" అంది, కూతురి మొహం చూడకుండా.

నర్సుల గదిలో రంగుల పుస్తకం ఇచ్చి, పిలిచేదాకా బయటికి రావద్దని చెప్పింది. రోగుల్ని తెచ్చే వ్యాను మంచులో ఇరుక్కుని, ఎనిమిదిన్నరకు ముగ్గురినీ ఒక్కసారే దింపింది. నూరాయ్ ముందుగా వాళ్ళలో పెద్దాయన నెజ్మి తాత చెయ్యి పట్టుకుని నరంలోకి సూది దించింది. ఎర్రగా గొట్టంలోకి నెత్తురు ఎక్కుతుండగా వెనక నుంచి "అమ్మా, బాత్రూం ఎక్కడ?" అని వినపడింది. ఆ వెంటనే ఏదో పడిన చప్పుడు.

తల తిప్పి చూసింది. నెత్తురు చూసి కళ్ళు తిరిగినట్టుంది, ఇపెక్ నేల మీద పడి ఉంది. పడేటప్పుడు సామాన్ల బండి అంచు తగిలి కనుబొమ్మ మీద చిట్లింది.

నూరాయ్ కదల్లేదు. సూది ఇంకా ఆమె వేళ్ళ మధ్యే ఉంది.

"వెళ్ళు తల్లీ, నాకేం కాదు" అన్నాడు నెజ్మి తాత.

"చెయ్యి కదపకండి తాతా" అంది. సూది మీద పట్టీ అతికించి, ఇంకో పట్టీ అతికించి, అప్పుడు పరుగెత్తింది. అప్పటికే పెద్ద నర్సు హాజర్ పిల్లను ఎత్తుకుని ఉంది.

దెబ్బ చిన్నదే. కుట్లు పడలేదు. కట్టు కట్టాక హాజర్ ఆమెను పక్కకు పిలిచింది. "పిల్లనైనా చూసుకో, రోగినైనా చూసుకో. రెండూ ఒక గదిలో పెట్టకు నూరాయ్. ఎవరో ఒకర్ని పిలు."

పిలవడానికి ఉన్నది ఒక్కరే.

బస్సులు తిరగడం లేదు. గులిజార్ యాభై నిమిషాలు నడిచి వచ్చింది. మోకాళ్ళదాకా మంచు అంటుకుని ఉంది. "ఎవరే నిన్ను కొట్టింది?" అంటే, ఇపెక్ "నేల" అంది. గులిజార్ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి నూరాయ్ దగ్గరికొచ్చింది.

"నాకు పనుందని చెప్పారట."

"అబద్ధం చెప్పాను."

"ఎందుకండీ?"

"మీ గడప దగ్గర నిలబడి, రానంటున్న నా పిల్లను నేనే లాక్కెళ్ళడం... ఇక నావల్ల కాదు."

గులిజార్ చేతి తొడుగులు తీసి, మళ్ళీ తొడుక్కుంది. "మీకు తెలియాలి కాబట్టి చెబుతున్నా. నాకు పిల్లలు పుట్టరన్నారు. రోజూ పడుకునే ముందు మంచు పడుతుందేమోనని చూస్తాను. పడాలనే కోరుకుంటాను. ఆయన ఆ మంచులోనే బండి తోలుతాడని తెలిసి కూడా."

ఆ మాటకు నూరాయ్‌కి జాలి కలగాలి. కలగలేదు. తన కూతురి కోసం ఇంకో ఆడది ఆకాశం వైపు చూస్తోందంటే ఒళ్ళు మండింది. కానీ ఆ తడిసిన కాళ్ళు కళ్ళెదుటే ఉన్నాయి.

"ఇకనుంచి మీరే మా ఇంటికి రండి" అంది. "అది దాని మంచం మీదే లేవాలి. నా వంటింట్లోనే తినాలి."

"ఆరున్నరకల్లా వస్తాను."

"జడలు నేను వేసే వెళతాను."

"సరేనండి" అంది గులిజార్. ఆవిడ చూపు మాత్రం ఇపెక్ జుట్టు మీదే ఉంది.

ఆ చలికాలంలో బడులు ఇంకో మూడుసార్లు మూతపడ్డాయి. మూడుసార్లూ గులిజార్ చెప్పిన వేళకు వచ్చింది. నూరాయ్ పని నుంచి వచ్చేసరికి వంటిల్లు తను వదిలి వెళ్ళినదానికన్నా శుభ్రంగా ఉండేది. అది చూసినప్పుడల్లా మనసు చివుక్కుమనేది. గిన్నెలన్నీ తీసి తన పద్ధతిలో మళ్ళీ సర్దుకునేది.

మార్చిలో ఆఖరి మంచు పడినరోజు గులిజార్ కోటు తొడుక్కుంటుంటే నూరాయ్ పొయ్యి మీద పప్పు సూపు వేడి చేస్తోంది.

"మళ్ళీ పడుతోంది. తిని వెళ్ళండి" అంది, వెనక్కి తిరగకుండానే.

గులిజార్ కోటు తీసి కూర్చుంది. నూరాయ్ సూపు పోసి తనూ ఎదురుగా కూర్చుంది. ఇపెక్ కుర్చీ ఇద్దరికీ మధ్యలో ఉంది. పిల్ల కుర్చీని ఎవరి వైపు జరుపుతుందోనని ఇద్దరూ సూపు చల్లార్చుకుంటున్నట్టు నటిస్తూ చూశారు. ఇపెక్ ఎటూ జరపలేదు. రొట్టె తుంచి సూపులో ముంచుకుని, తలొంచుకుని తింటోంది.