ఎడమ చెవి పరీక్ష

జెరోమ్‌ను సైన్యం ఇంటికి పంపేసేనాటికి అతనికి ఇరవై ఏడేళ్లు. ఫైరింగ్ సాధన చేస్తుండగా మోర్టారు గుండు పక్కనే పేలి ఎడమ చెవిలో పొర చిరిగింది. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని రాసింది. నల్ల ట్రంకు పెట్టెతో కోలారు బంగారు గనుల దగ్గరి సొంత ఊరు చాంపియన్ రీఫ్స్‌లో దిగేసరికి గనులు మూతపడి పదేళ్లు దాటాయి. తండ్రి ఎప్పుడో పోయాడు, తల్లి అతను రావడానికి ఏడాది ముందే పోయింది. గని కూలీల ఇళ్ల లైనులో ఒక గది, ఒక వంటిల్లు మిగిలాయి.

వేమగల్‌లో ఓ ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా పని దొరికింది. ఎడమవైపు నుంచి ఎవరైనా పిలిస్తే అతనికి వినపడేది కాదు. చెవి సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. మిలిటరీవాడికి పొగరని తోటి పనివాళ్లనుకున్నారు. కొన్నాళ్లకు పిలవడమే మానేశారు. మధ్యాహ్నం గేటు పక్క సిమెంటు దిమ్మె మీద ఒక్కడే డబ్బా విప్పుకునేవాడు. "ఈడ సైన్ చెయ్యండి" అన్న మాట తప్ప మరొకటి నోట్లోంచి రాకుండా రోజులకు రోజులు గడిచిపోయేవి.

అతనితో నోరారా మాట్లాడేది పక్కింటి అంతోనమ్మ ఒక్కతే. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. భర్త గనిలో పట్టిన దుమ్ము జబ్బుతో పోయాడు. పిల్లలు లేరు. ఆమె ఎప్పుడూ అతని కుడివైపు కూర్చుని మాట్లాడేది.

నాలుగేళ్లు అలా గడిచాక జెరోమ్ బెంగళూరులో చెవికి ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆరోగ్యం కుదుటపడిన పాత జవాన్లను మళ్లీ పరీక్షించి తీసుకుంటున్నారని ఒకప్పటి హవల్దారు ఫోను చేశాడు. ఆ రోజే అర్జీ పెట్టాడు. ఆ పరీక్ష ఎలా ఉంటుందో అతనికి తెలుసు. వీపు తిప్పి, మంచి చెవి మూసుకుని, ఇరవై అడుగుల దూరం నుంచి గుసగుసగా చెప్పే మాట విని తిరిగి చెప్పాలి.

"అవ్వా, ఆదివారం ఆదివారం నాకు మాటలు చెప్తావా? గొంతుతో కాదు, ఊపిరితో."

"దానికేమప్పా, చెప్తాను."

ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చాక ఇళ్ల మధ్య సందులో నిలబడేవాళ్లు. అతను కుడి చెవి మూసుకుంటే అంతోనమ్మ వెనక నుంచి పది మాటలు చెప్పేది. రాగులు, గంట, చింతపండు, కోలారు. మొదటి వారాల్లో ఏడు పట్టుకున్నాడు. తర్వాత అయిదు. తర్వాత మూడు. ఆపరేషన్ చెడిపోయిందేమోనని జెరోమ్ భయపడ్డాడు. ఫ్యాక్టరీలో లారీ హారను మోగినప్పుడల్లా కుడి చెవి మూసి చూసుకునేవాడు. హారను వినపడేది, కానీ గుసగుస సంగతి దాంతో తేలేది కాదు. పరీక్షకు ముందు ఆదివారం ఒక్క మాటా అందలేదు.

"దేవుడు ఇచ్చింది ఇంతే అనుకో అప్పా," అంది అంతోనమ్మ. "పని ఉండాది, ఇల్లుండాది. ఇంగ యాడికి పోతావు?"

పిలుపు కాగితం వచ్చింది కాబట్టి జెరోమ్ పరీక్షకు వెళ్లాడు, అంతే.

డాక్టరు కుడి చెవి మూయించి వెనక్కి నడిచాడు. జెరోమ్ గోడ మీది సున్నం పెచ్చును చూస్తూ నిలబడ్డాడు.

అరవై మూడు, అన్న మాట హిందీలో వినిపించింది. స్పష్టంగా, భుజం పక్కనే ఎవరో చెప్పినట్టు. అతను తిరిగి చెప్పాడు. తర్వాతి అంకె, ఆ తర్వాతిదీ చెప్పాడు. ఒక్కటీ తప్పు పోలేదు. ఫిట్ అని డాక్టరు రాసిన కాగితాన్ని బయటికొచ్చి రెండుసార్లు చదువుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి అంతోనమ్మ వాకిట్లో చేటతో బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"పాసైనానవ్వా."

ఆమె చెయ్యి ఆగింది.

"నువ్వు చెప్తే వినపడనిది ఆ డాక్టరు చెప్తే ఎట్ల వినపడింది? నాకు అర్థం కాలేదు."

ఆమె చేటను పక్కన పెట్టింది. "నేను గొంతు తగ్గించుకుంటా వచ్చినానప్పా. కడా వారం ఉత్త పెదాలు కదిలించినాను."

"ఎందుకు?"

"నువ్వు పోతే ఈ లైనులో నన్ను పిలిచేవాళ్లు ఎవురుండారు?"

జెరోమ్ తన ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఇక జీవితమంతా చెవిటివాడినేనని ఏడ్చిన రోజులన్నీ గుర్తొచ్చాయి. రెండు రోజులు ఆమె వైపు చూడలేదు. పక్కింట్లో గిన్నె చప్పుడు, దగ్గు, ప్రార్థన, అన్నీ గోడలోంచి వినపడుతూనే ఉన్నాయి. ఆ ఇంటికి ఎవరూ రాలేదు. ఆ రెండు రోజులూ ఆమెకు ఎవరితోనూ మాట్లాడే అవసరం పడలేదని అతనికి తెలిసింది.

మూడో రోజు వెళ్లి ఆమె ముందు కూర్చున్నాడు. సంగటి పెట్టింది. అతను తిని, గిన్నె కడిగి బోర్లించాడు. రైలెక్కే రోజు ఆమె స్టేషనుకు రాలేదు. తలుపు దగ్గరే నిలబడి, "మఫ్లరు పెట్టుకోప్పా, ఆడ చలంట," అంది.

కొత్త యూనిట్‌లో మొదటి పని కాగితాలు నింపడం. తనకంటే పదేళ్లు చిన్నవాళ్లు వరుసలో ముందూ వెనకా నిలబడి నవ్వుకుంటున్నారు. ఏదైనా జరిగితే ఎవరికి కబురు చేయాలని గుమాస్తా అడిగాడు. అమ్మా నాన్నా లేరన్నాడు జెరోమ్. భార్యా? లేదు. గుమాస్తా కలం ఎత్తి చూశాడు.

"అవ్వ ఉంది," అన్నాడు జెరోమ్. "అంతోనమ్మ."

తండ్రి తల్లా, తల్లి తల్లా అని గుమాస్తా అడిగాడు.

"తల్లి తల్లి," అని జెరోమ్ చెప్పి, ఆమె ఇంటి నంబరు రాయించాడు.