కనిపించకపోతేనే ఉద్యోగం

సీసాల బాబాయ్ కోర్టులో ఓడిపోయింది ఒక కలం వల్ల. కాలేజీ తరఫు లాయరమ్మ ఆయన్ని ప్రశ్నలడుగుతూ మధ్యలో చేతిలోని కలాన్ని జారవిడిచింది. చప్పుడైన వైపు బాబాయ్ వంగి, నేల తడిమి, తీసి అందించాడు. కాలేజీలో పిల్లలు పడేసినవి ఏరిపెట్టీ ఏరిపెట్టీ వచ్చిన అలవాటు అది.

"చూపు పోయిందంటున్న మనిషి నా కలం తీసిచ్చారు. తమరు గమనించాలి" అంది ఆవిడ జడ్జిగారితో.

నష్టపరిహారం ఇవ్వనక్కర్లేదని తీర్పు వచ్చింది.

బాబాయ్ ఆ ప్రైవేటు కాలేజీ కెమిస్ట్రీ లాబ్‌లో అటెండరు. సీసాలు కడిగి, ఆరబెట్టి, అరల్లో సర్దడం ఆయన పని. ఒకరోజు పై అరలోని యాసిడ్ సీసా పగిలి ముఖం మీద ఒలికింది. కుడికన్ను అప్పుడే పోయింది. ఎడమకంటికి మనుషులు నీడల్లా ఆనుతారు. కళ్లు ముందునుంచే పాడయ్యాయని చెప్పి యాజమాన్యం ఆయన్ని మాన్పించింది.

అప్పట్నుంచి ఇల్లు ఆయన భార్య ఇస్త్రీపెట్టె మీద నడుస్తోంది. ఆయన బాబాయ్ కాబట్టి ఆవిడ అందరికీ పిన్ని. ధర్మాసుపత్రి డాక్టరు ఎడమకన్ను చూసి, పొర పెరుగుతోందన్నాడు. నల్లగుడ్డును కమ్మేలోపు తీసేస్తే కాస్త చూపు దక్కుతుందట. గుడ్డికన్నా మెల్ల మేలు కదా అని పిన్ని ఆపరేషనుకు రోజు కూడా ఖాయం చేసుకుని వచ్చింది.

ఆ వారంలోనే లాయరమ్మ, కాలేజీ యజమానిని వెంటబెట్టుకుని వాళ్ల గుమ్మంలో దిగింది. ఉన్న ఒక్క కుర్చీలో యజమాని కూర్చున్నాడు. లాయరమ్మ నిలబడి సంగతి చెప్పింది. కొత్త చట్టం వచ్చింది. వికలాంగుల్ని ఉద్యోగంలో పెట్టుకోని కాలేజీకి గుర్తింపు ఉండదు. బాబాయ్‌ని మళ్లీ తీసుకుంటారు.

"మా ఆయనకి శుభ్రంగా కనిపిస్తుందని జడ్జిగారికి చెప్పింది మీరే కదమ్మా" అంది పిన్ని.

"అప్పుడు కేసు వేరు. ఇప్పుడు చట్టం వేరు."

"కళ్లు మాత్రం అవే."

యజమాని నవ్వాడు. "మాట పదునే. జీతం పాతదానికన్నా ఎక్కువే ఇస్తాం పిన్నీ."

ఆపరేషను సంగతి బాబాయే బయటపెట్టాడు, సంతోషంగా. లాయరమ్మ వెంటనే అందుకుంది.

"చూపు మెరుగైతే ఈ లెక్కలోకి రారు. గుర్తింపు కోసం వచ్చే తనిఖీ అయిపోనివ్వండి. ఆ తర్వాత మీ ఇష్టం."

వాళ్లు వెళ్లాక మొగుడూ పెళ్లాలకి మాటామాటా పెరిగింది. కన్ను ముందు చూసుకోమని ఆవిడ. నీ చేతులు ఎన్నాళ్లు కాలాలి అని ఆయన. చివరికి ఆయన మాటే నెగ్గింది. పిన్ని వెళ్లి ఆపరేషను వాయిదా వేయించింది.

కాలేజీలో ఆయన్ని ఆఫీసు ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. నల్ల కళ్లద్దాలు, తెల్ల చొక్కా, చేతిలో కర్ర. యజమాని భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగాడు. రెండో రోజే బాబాయ్ ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాడు.

"సీసాలు కడుగుతానండి. చేతులకి తెలుసు."

"నువ్వు పని చేస్తుంటే చూసేవాళ్లకి బాగానే ఉన్నావనిపిస్తుంది. కూర్చో. ఊరికే కూర్చుని జీతం తీసుకునే యోగం ఇల్లరికపు అల్లుడికి కూడా లేదయ్యా."

గుమస్తాలు నవ్వారు. వాళ్లతోపాటు బాబాయ్ కూడా నవ్వాడు. కర్ర తీసుకోకుండా నడిస్తే ప్రిన్సిపాల్ గుమ్మంలోంచి గుర్తు చేసేవాడు. కొన్నాళ్లకి గుర్తు చేయాల్సిన పని లేకపోయింది.

తనిఖీ వాయిదా పడింది. మళ్లీ పడింది. ముఖాల నీడలు చెరిగిపోయాయి. కిటికీ ఎటుందో తెలియడం ఒక్కటే మిగిలింది. ఆపరేషను చేయించుకుంటానని అడిగినప్పుడల్లా, ఇంకొక్క నెల ఆగమనేవారు కాలేజీవాళ్లు.

ఎండలు ముదిరేసరికి కాలేజీల సంఘం వేసిన దావాలో తీర్పు వచ్చింది. ప్రైవేటు సంస్థలకు ఆ చట్టం వర్తించదు. స్టాఫురూములో మిఠాయి పంచారు. ప్యూను బాబాయ్ చేతిలో కూడా ఒకటి పెట్టాడు. ఆయన అది తింటుండగానే ప్రిన్సిపాల్ వచ్చాడు.

"రేపట్నుంచి రానక్కర్లేదు. కర్ర నువ్వే ఉంచుకో."

మర్నాడు పిన్ని ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు దీపం వేసి చాలాసేపు చూశాడు.

"అప్పుడే రావలసింది. పొర అంతా కమ్మేసింది. ఇక కత్తి పెట్టి లాభం లేదు."

ఆసుపత్రి నుంచి పిన్ని తిన్నగా లాయరమ్మ ఆఫీసుకి నడిచింది. బాబాయ్‌ని కింద మెట్ల దగ్గర కూర్చోబెట్టి తను పైకెక్కింది.

లాయరమ్మ కూర్చోమంది. మంచినీళ్లు తెప్పించింది. అంతా విని నెమ్మదిగా చెప్పింది.

"ఆపరేషను వద్దని నేను అనలేదమ్మా. మీ ఇష్టం అన్నాను. మీకు గుర్తుండే ఉంటుంది."

పిన్నికి గుర్తుంది. ఆవిడ అన్నది ఆ మాటే. గ్లాసు ముట్టుకోకుండా లేచి వచ్చింది.

మెట్ల దగ్గర బాబాయ్ ముఖమెత్తాడు.

"ఏమంది?"

"ఊళ్లో లేదట" అంది పిన్ని, ఆయన చెయ్యి పట్టుకుని లేపుతూ.

బాబాయ్ కర్ర కోసం తడుముకున్నాడు. దొరికింది. వీధిలో నాలుగడుగులు పడ్డాక అన్నాడు.

"ఆవిడ గొంతు వినబడిందే."

ఎదురుగా బండి వస్తుంటే పిన్ని ఆయన్ని గోడ వైపుకి లాగింది.