ముఖం తెలియనివాడితో పోటీ

మా మరిది శ్రీహరికి వేలం పాటంటే పరువు సమస్య. మునగాలలో వినాయకుడి లడ్డూ ఏటా అతనికే దక్కాలి. ఇంటర్నెట్‌లో కూడా వేలం ఉంటుందని తెలిశాక, కూతురు సింధు ఇంజనీరింగ్ చదువుకు పాత ల్యాప్‌టాప్ కొంటానని ఆమెను వెంటబెట్టుకుని సూర్యాపేటలోని మా ఇంటికి వచ్చాడు. మా కంప్యూటర్ ముందు మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు.

"ఎనిమిది వేలు దాటొద్దు డాడీ" అని సింధు బతిమాలింది.

అతను ఎంత పాడినా, ఐదు వందలు ఎక్కువ పాడే పేరొకటి వస్తూనే ఉంది. ఆ పేరు మీద నొక్కి పాత పాటలు చూస్తే, ఈ అమ్మకందారు వస్తువులకు తప్ప ఇంకెక్కడా పాడలేదు.

"శ్రీహరీ, వాడు అమ్మేటోని మనిషే. ఇగ ఆపు" అన్నాను.

"నువ్వు జర ఊకో వదినా. వాడెవడు నన్ను దాటనీకి?"

పదిహేను వేల దాకా పాడాడు. అవతలివాడు పదిహేనున్నర అనగానే గడువు ముగిసింది. సింధు ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు అమ్మకందారు మెయిల్ పంపాడు. గెలిచినవాడు తప్పుకున్నాడట, పదిహేను వేలు నేరుగా తన ఖాతాలో వేస్తే ల్యాప్‌టాప్ మనకే పంపుతాడట.

"సూసినవా వదినా, నాకు భయపడి పారిపోయిండు!"

"సైటు బయట పైసలు కట్టొద్దని ఈడనే రాసున్నది డాడీ" అని సింధు తెర మీద చూపించింది.

"గెలిచినోనికి రూల్స్ చెప్తవా?" అంటూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బ్యాంకుకు వెళ్లాడు.

రెండు నెలలైనా ల్యాప్‌టాప్ రాలేదు. సింధు కాలేజీ ల్యాబ్‌లో వంతు కోసం నిలబడుతోంది. వాళ్ల నాన్న మాత్రం అవతలివాణ్ణి ఎలా తరిమాడో ఇప్పటికీ అందరికీ చెబుతున్నాడు.