నా వైపు రోడ్డు

నాన్న ఆ జలపాతం దగ్గరికి కనీసం నలభై సార్లు వెళ్ళి ఉంటాడు. ఒక్కసారి కూడా దాన్ని చూడలేదు. వ్యాన్ అద్దెకు తీసుకున్నవాళ్ళని గేటు దగ్గర దించి, వాళ్ళు తిరిగొచ్చేదాకా బండి దగ్గరే ఉండాలి. డ్రైవరు మెట్లెక్కి పోతే సామాన్లు ఎవరు చూస్తారు? అందుకని పద్దెనిమిదేళ్ళుగా నాన్నకు తెలిసిన జలపాతమంతా చప్పుడే. తడిసి వచ్చినవాళ్ళు దిగిపోయాక సీట్ల మీద తుడుచుకోవలసిన నీళ్ళే.

ఈసారి బండి యజమానిని అడిగి మూడు రోజులకు ఆ వ్యానే మా కోసం తీసుకున్నాడు. అమ్మ నమ్మలేదు.

"మీ నాన్నకి బండి పెద్ద పెళ్ళాం, నేను చిన్న పెళ్ళాన్ని. ఇద్దర్నీ ఒకేసారి షికారుకి తీసుకెళ్తాడా?" అని నవ్వింది. నవ్వుతూనే కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, సంచులు సర్దడం మొదలుపెట్టింది.

అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. రెండు వారాల కిందట నాన్నతో కంటి ఆసుపత్రికి నేనే వెళ్ళాను, ఫారాలు నింపడానికి. డాక్టరుగారు ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి నా చేతికిచ్చి, కంటికి పెట్టుకుని చూడమన్నారు. "మీ నాన్నకి అంతే కనపడుతోందమ్మా. ఎదురుగా ఉన్నది బాగానే ఉంటుంది, పక్కది ఉండదు. అదీ మెల్లిగా మూసుకుపోతుంది" అన్నారు. తర్వాత నాన్న వైపు తిరిగి, "బండి మాత్రం ఇవాళే ఆపెయ్యాలి" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు దిగాక నాన్న మా వీధి మలుపు దగ్గర అన్నాడు.

"అమ్మకి ఇప్పుడే చెప్పకు తల్లీ. తాళాలు ఎలాగూ ఇచ్చేస్తాను. ఇచ్చేముందు ఒక్కసారి మిమ్మల్ని తీసుకెళ్ళి ఆ జలపాతమేదో నేనూ చూస్తాను. చూసొచ్చాక నేనే చెప్తా. నువ్వు ముందు సీట్లో కూర్చో. నా వైపు నేను తల తిప్పి చూసుకుంటాను. నీ వైపు ఏమొచ్చినా నువ్వు చెప్పు, చాలు."

నేను సరేనన్నాను. అంత పెద్ద మాటకు నాన్న నన్ను నమ్ముకున్నాడని లోపల గర్వంగా కూడా అనిపించింది. ఆ రెండు వారాలూ నాన్న నడుము నొప్పని చెప్పి అద్దెకొచ్చే ఒక్క పార్టీని కూడా ఎక్కించుకోలేదు.

మొదటి రెండు రోజులూ చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతూ బాగా గడిచాయి. "నాన్నా, సైకిలు." "నాన్నా, ఆవు." "నాన్నా, స్తంభం." నేను చెబుతుంటే, వెనక కూర్చున్న తమ్ముడు అదొక ఆట అనుకున్నాడు. వాడికి ఎనిమిదేళ్ళు, మేము వాణ్ణి బుడంకాయ అంటాం. "నాన్నా, మబ్బు!" "నాన్నా, ఆకలి!" అని అరిచేవాడు. "ఆకలి ఏ వైపురా?" అని నాన్న అడిగితే అమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది.

ఒక హోటల్లో నాన్నని చూసి ఆ హోటలు యజమాని ఆశ్చర్యపోయాడు. అక్కడ డ్రైవర్లకు వెనక వంటింటి పక్కన బల్ల, తిండి ఉచితం.

"ఏంటి డ్రైవరన్నా, ఇవాళ ముందు గదిలో కూర్చున్నావ్? పార్టీ ఏది?"

"ఇవాళ పార్టీ నేనేనయ్యా" అన్నాడు నాన్న, కుర్చీలో వెనక్కి వాలి. ఆయన అలా కూర్చోవడం నేను మొదటిసారి చూశాను.

మూడో రోజు పొద్దున్నే వాన పట్టుకుంది. వైపర్లు ఎంత కొట్టుకున్నా అద్దం మీద నీళ్ళు ఆగడం లేదు. లోపల ఆవిరి కమ్ముతుంటే నేను చేతిరుమాలుతో తుడుస్తున్నాను. రేకు టాపు మీద వాన చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినపడటం లేదు.

"కాసేపు ఆపరాదూ?" అని అమ్మ వెనక నుంచి అరిచింది.

"ఇంకో పన్నెండు కిలోమీటర్లేనే. వాన ఎక్కువైతే గేటు మూసేస్తారు" అన్నాడు నాన్న.

నేను కూడా ఆపమని అనవలసింది. అనలేదు.

బూడిదరంగు వానకోటు వేసుకున్న ఒకావిడ సైకిలు నడిపించుకుంటూ నా వైపు రోడ్డంచున వస్తోంది. సైకిలు వెనక గుడ్ల అట్టలు కట్టి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి ఉంది. నేను చూశాను. చెప్పాను కూడా. "నాన్నా, మనిషి" అన్నాను. బడిలో నేను పాఠం చదివితే రెండో బెంచీ దాకా కూడా వినపడదని మాస్టారు విసుక్కుంటారు. ఆ గొంతుతోనే అన్నాను. రెండోసారి అనేలోపు మా వ్యాన్ పక్క అద్దం సైకిలు హ్యాండిలుకు తగిలింది.

ఆవిడ బురదలో కూలబడింది. గుడ్లు రోడ్డంతా దొర్లి పగిలాయి. పచ్చసొనంతా వాన నీళ్ళలో కలిసి మా చక్రాల కిందికి పారుతోంది.

"కళ్ళెక్కడ పెట్టుకుని నడుపుతున్నావయ్యా? ఇంత రోడ్డు చాల్లేదా నీకు?" ఆవిడ అరిచింది.

నాన్న దిగి పరుగెత్తాడు. ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టాడు. అరచెయ్యి గీరుకుపోయింది తప్ప ఇంకేం కాలేదు. అమ్మ తువ్వాలు తెచ్చి ఆ చేతికి చుట్టింది. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, పగలని గుడ్లను ఒక్కొక్కటే ఏరి అట్టలో పెట్టసాగాడు. ఎదురుగా ఉన్నవన్నీ ఏరాడు. మోచేతి పక్కనే నాలుగు గుడ్లున్నాయి. వాటిని ముట్టుకోలేదు. పక్కకు జరగబోయి ఒకదాని మీద మోకాలు పెట్టాడు.

అమ్మ చూస్తూ నిలబడింది. తర్వాత మెల్లిగా వంగి, నాన్న చెంప పక్కన చెయ్యి పెట్టి ఆడించింది. నాన్న తల తిప్పలేదు. రెప్ప కూడా కొట్టలేదు.

గుడ్లావిడ కూడా అది చూసింది. ఆవిడ గొంతు మారిపోయింది. "పోన్లెండి... నాకేం కాలేదు, మీరు లేవండి" అంది.

అమ్మ వ్యాన్‌లో ఉన్న నన్ను కిటికీలోంచి చూసింది. నేను తల దించుకున్నాను. దాంతో ఆమెకు మిగతాది కూడా తెలిసిపోయింది.

గుడ్లావిడ వెళ్ళిపోయాక వ్యానులో కూర్చుని అమ్మ అడిగింది. నాన్న ఏదీ దాచకుండా చెప్పాడు. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నడుము నొప్పని పార్టీలు మానేశావు కదా. ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని ఎక్కించుకోవడానికి భయమేసింది. మన పిల్లల్ని ఎక్కించుకోవడానికి వెయ్యలేదా?"

అమ్మ నా వైపు వేలు చూపించింది.

"పైగా దీని నెత్తిన పెడతావా ఇంత బరువు? నోట్లోంచి మాట రాని పిల్ల ఇది!"

"నేను చెప్పానమ్మా, వాన చప్పుడుకి..." అన్నాను. అది కూడా ఎవరికీ వినపడలేదు.

అమ్మ చెయ్యి చాపింది. నాన్న తాళం తీసి ఆ చేతిలో పెట్టాడు.

నాన్న ఫోను చేస్తే, దగ్గర ఊళ్ళో తన పార్టీని దించి ఖాళీగా ఉన్న ఈల బాబాయ్ బస్సెక్కి వచ్చేసరికి గంటన్నర పట్టింది. ఆయనా డ్రైవరే. స్టీరింగు పట్టుకుంటే ఈల వేస్తాడని ఆ పేరు. ఆ రోజు వెయ్యలేదు.

"ఎటు పోనివ్వనన్నా?" అని అడిగాడు.

"ముందుకే. పిల్లలు చూడాలి" అన్నాడు నాన్న.

గేటు ఇంకా మూయలేదు. బాబాయ్ ఇంజను ఆపి, "నువ్వెళ్ళన్నా, బండి నేను చూసుకుంటా" అన్నాడు.

"వద్దులే. వీళ్ళని నువ్వు తీసుకెళ్ళు. మెట్లు జారతాయి, బుడంకాయ చెయ్యి వదలకు. నేను బండి దగ్గరుంటా."

"దీనికోసమే కదా నాన్నా వచ్చాం" అన్నాను. ఈసారి గట్టిగానే అన్నాను.

"ఇవాళొక్క రోజే ఇది నాది, తల్లీ" అన్నాడు, స్టీరింగు వైపు చూస్తూ. ఆయన దేని గురించి అంటున్నాడో అందరికీ అర్థమైంది. అమ్మ కూడా దిగలేదు.

నేను జలపాతం చూశాను. వాన వల్ల రెండింతలై, రాళ్ళన్నీ ఊగిపోతున్నట్టు దూకుతోంది. బుడంకాయ ఎగిరి గంతులేశాడు. నాకు మాత్రం చూస్తున్నంతసేపూ నాన్న వాటా దొంగిలించి తింటున్నట్టు అనిపించింది.

మేము దిగి వచ్చేసరికి నాన్న డ్రైవరు సీట్లో ఉన్నాడు. అమ్మ నా సీట్లో కూర్చుని ఉంది. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

నాన్న దిగి బాబాయ్‌కి చెప్పాడు. "రెండో గేరు మొండికేస్తుంది. తొయ్యకు, కాస్త బతిమాలితే పడుతుంది. దిగుడులో బ్రేకు ముందే తొక్కాలి." బాబాయ్ అన్నిటికీ తలూపాడు. ఆయనకు అవన్నీ తెలుసు.

నాన్న వెనక సీట్లోకి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. బుడంకాయ ఆయన ఒళ్ళో పడుకుని, తడి బట్టలతోనే నిద్రపోయాడు. ఇంటిదాకా ప్రతి మలుపులోనూ, ప్రతి దిగుడులోనూ, నాన్న కుడికాలు వ్యాన్ నేలను గట్టిగా తొక్కుతూనే ఉంది.