రోడ్లు తెరిచాక

ఊరి మొగదలలో అడ్డంగా వేసిన కంపను జూన్ రెండో వారంలో తీసేశారు. మార్చి నెలలో దాన్ని కొట్టుకొచ్చి వేసింది ఊళ్లో కుర్రాళ్లే, ఇప్పుడు కర్రలతో రోడ్డు పక్కకు నెట్టిందీ వాళ్లే. రెండున్నర నెలలు గోతాలు కప్పుకొని పడి ఉన్న విజయ్ కుమార్ ఆటో, హారన్ మోగించుకుంటూ మొట్టమొదట మార్కాపురం దారి పట్టింది. జనం ఈలలు వేశారు.

విజయ్ కుమార్ తండ్రి యోసేపు మాత్రం అరుగు మీద కూర్చుని కండువాను మూతికి అదుముకున్నాడు. ఊరంతా పండగలా ఉంటే ఆయనకు ఇంటి తలుపు ఎవరో ఊడబెరికి పట్టుకుపోయినట్టనిపించింది.

ఆయనకు డెబ్బై ఏళ్లు. అందులో ముప్పై నాలుగేళ్లు మార్కాపురంలో పలకల షెడ్డులోనే గడిచాయి. రాయి కోసే రంపం ముందు కూర్చుంటే సాయంత్రానికి కనురెప్పల మీద కూడా దుమ్ము పేరుకునేది. ఆ దుమ్ము ఒంట్లో నుంచి పోలేదు. పదేళ్ల కింద ఒంగోలులో డాక్టరు ఛాతీ ఫోటోను వెలుతురుకు పెట్టి చూపిస్తూ, "ఇదంతా రాతిపొడే పెద్దాయనా. జలుబు చేసినా అశ్రద్ధ చేయకూడదు" అన్నాడు. ఆనాటి నుంచి పని మానేశాడు. పది అడుగులు నడిస్తే ఒకచోట నిలబడాలి. మాట్లాడేటప్పుడు కూడా మధ్యలో గాలి కోసం ఆగాలి.

అందుకే లాక్‌డౌన్ రోజులు, బయటికి చెప్పుకోలేడు గానీ, ఆయనకు నిమ్మళంగా గడిచాయి. వాలంటీరు పింఛను ఇంటికే తెచ్చి ఇచ్చేవాడు. కోడలు హెప్సిబా పనిచేసే బట్టల దుకాణం మూతపడింది. ఏడేళ్ల మనవరాలు దీవెనకు బడి లేదు. భార్య సౌభాగ్యమ్మతో కలిపి ఐదుగురూ ఒకే గదిలో, ఒకే వసారాలో మసిలారు. కూరలో నూనె తగ్గింది, అంతే. రోగం టీవీలో ఉంది, ఇంట్లో లేదు.

ఆ సాయంత్రం కొడుకు ఇల్లు చేరేసరికి యోసేపు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"యాడాడ తిరిగినావురా?"

"స్టాండు కాడ నుంచి హాస్పిటలు రోడ్డు దాకా. ఏంది నాయనా?"

"బండిలో ఎంతమంది ఎక్కినారు?"

"ఒక్కో ట్రిప్పుకు ఆరుగురు."

"మూతికి గుడ్డలు కట్టుకున్నారా?"

విజయ్ కుమార్ నవ్వాడు. "కొందరు గడ్డానికి కట్టుకున్నారు. ఎన్నాళ్లని ఇట్ల కూర్చుంటాం నాయనా? గవర్నమెంటే తిరగమన్నాది."

"గవర్నమెంటు మనకు చెప్పినాది. రోగానికి చెప్పినాదా?"

సౌభాగ్యమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. "ముందు కాళ్లు చేతులు కడుక్కోరా. ఏమయ్యా, వాణ్ని లోపలికి రానీ."

యోసేపు పక్కకు తప్పుకున్నాడు. తప్పుకోక చేసేదేముంది? ఆ ఆటో తిరగకపోతే పొయ్యి మండదు. వారం తిరిగేలోగా హెప్సిబాకు కూడా దుకాణం నుంచి ఫోన్ వచ్చింది. ఆమె చీర మడతలు సరిచేసుకుంటూ సంబరంగా బయల్దేరుతుంటే యోసేపు "సబ్బు పెట్టుకున్నావా అమ్మా" అని మాత్రం అనగలిగాడు.

అప్పటినుంచి ఆయన చెవులు ఇంట్లో ఎవరు దగ్గుతారా అని ఎదురుచూస్తూనే ఉన్నాయి. మిరపకాయ ఘాటుకు దగ్గినా ఉలిక్కిపడేవాడు. ఊపిరి బిగబట్టి ఇరవై దాకా లెక్కపెట్టగలిగితే రోగం లేనట్టేనని టీవీలో ఎవరో చెప్పారు. యోసేపు ఎనిమిది దాటలేకపోయాడు. ఆయన పదేళ్ల నుంచీ ఎనిమిది దాటలేడు. మరి రోగం వస్తే తనకెట్లా తెలుస్తుంది? ఈ ప్రశ్న ఎవరినడగాలో తోచక మళ్లీ మళ్లీ ఊపిరి బిగబట్టి చూసుకునేవాడు.

ఊళ్లో ఆయనకు ధైర్యం చెప్పే మనిషి శ్యాంసన్ ఒక్కడే. షెడ్డులో పక్క రంపం మీద పనిచేసినవాడు, తన ఈడువాడే. రోజూ వచ్చి అరుగు చివర కూర్చునేవాడు.

"ముప్పై ఏండ్లు రాయి మింగినోళ్లం. రాయే ఏం చేయలేకపాయె, ఈ పురుగేం చేస్తాది బావా?" అనేవాడు.

"రాయి చేసినాదిరా. నువ్వు ఒప్పుకోవడంల్యా, అంతే."

జులై మొదట్లో శ్యాంసన్ కంభంలో తమ్ముడి మనవడి పెళ్లికి పోయాడు. యాభై మందికి మించకూడదన్నారు గానీ భోజనాల దగ్గర ఎవరు లెక్కపెట్టారు? తిరిగొచ్చిన నాలుగో రోజు జ్వరం. పదకొండో రోజు పెద్దాసుపత్రిలో ప్రాణం పోయింది.

ఊరి సమాధుల దగ్గర జేసీబీతో గుంత తీశారు. తెల్లటి ముసుగు బట్టలు వేసుకున్న నలుగురు మనుషులు మూటగట్టిన శవాన్ని తాళ్లతో దించారు. పాస్టరు గారు రోడ్డు మీదే నిలబడి ప్రార్థన చేశారు. శ్యాంసన్ భార్య ఒక్కసారి మొహం చూపించమని ముసుగు మనుషుల కాళ్లు పట్టుకోబోతే వాళ్లు వెనక్కి జరిగారు. ఊళ్లో ఎవరు పోయినా సంఘమంతా వచ్చి పాటలు పాడుతూ సాగనంపడమే యోసేపు ఎరిగింది. ఆ రోజు పాట లేదు. ఆయన ఇంటి మిద్దె మెట్ల మీద నుంచి దూరంగా ఇదంతా చూసి దిగొచ్చాడు. అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మడతమంచం, దుప్పటి, చెంబు సర్దుకున్నాడు.

"యాడికి?" అంది సౌభాగ్యమ్మ.

"బ్రహ్మం చేలో బోరు గది ఖాళీగా ఉంది. ఆయన్ను అడిగినా. ఉండమన్నాడు."

"మమ్మల్ని చూసి భయపడి పోతాండావా?"

"మిమ్మల్ని చూసి కాదు సౌభాగ్యం..." అని ఆగిపోయాడు. గాలి చాలక ఆగాడో, మాట దొరక్క ఆగాడో ఆయనకే తెలియలేదు. ఆమె మంచం ఒక కొస పట్టుకుంది.

బ్రహ్మం చేను ఊరికి కిలోమీటరు దూరం. బోరు ఎండిపోయి మూడేళ్లయింది, మోటారు కూడా పీక్కుపోయారు. నాలుగు గోడలు, పైన రేకు. ఎదురుగా దూరాన నల్లమల కొండలు. చుట్టూ మనిషనేవాడు లేడు. యోసేపు మొదటి రోజు కండువా తీసేసి గుండెనిండా గాలి పీల్చుకున్నాడు.

సౌభాగ్యమ్మ మధ్యాహ్నం క్యారియరు తెచ్చి బండ మీద పెట్టి, పదడుగులు వెనక్కి పోయి గట్టు మీద కూర్చునేది. ఆయన తినేదాకా ఉండి గిన్నెలు తీసుకుపోయేది. మూడో రోజు దీవెన కూడా వెంట వచ్చింది. తాతను చూడగానే చెయ్యి వదిలించుకొని పరిగెత్తుకొచ్చింది.

"దగ్గరికి రావద్దు!" యోసేపు చేతికర్ర ఎత్తి అరిచాడు. "ఆడ్నే నిలబడు! రావద్దంటే నీక్కాదూ!"

పాప నిలబడిపోయింది. ఆ అరుపుకే యోసేపుకు దగ్గు తెర వచ్చి గోడ పట్టుకున్నాడు. తేరుకొని చూసేసరికి సౌభాగ్యమ్మ పాపను చంకనేసుకొని చేను దాటిపోతోంది. ఆ తర్వాత ఇక దీవెన రాలేదు. అడగడానికి ఆయనకు నోరు రాలేదు.

రోజూ ఒకే మాట అడిగేవాడు. "అందరూ బాగున్నారా?"

"బాగున్నారు" అనేది సౌభాగ్యమ్మ.

జులై పోయి ఆగస్టు వచ్చింది. ఊళ్లోకి అంబులెన్సు పోతే సైరను చేలోకి వినిపించేది. విన్నప్పుడల్లా యోసేపు గదిలోకి పోయి తలుపు వేసుకునేవాడు. సౌభాగ్యమ్మ ఇప్పుడు ముందుకంటే ఇంకా దూరంగా కూర్చుంటోందని గానీ, క్యారియరులో కూర మానేసి పచ్చడి మెతుకులే తెస్తోందని గానీ ఆయన పట్టించుకోలేదు. ధ్యాసంతా తన ఊపిరి మీదే ఉండేది.

ఒక రోజు ఆమె రాలేదు. పొద్దు నడినెత్తి దాటింది. కొండల వైపు వాలింది. కాలిబాట మీద ఎవరూ లేరు. అప్పుడు మోటారు సైకిలు మీద పోతున్న బ్రహ్మం ఆయనను చూసి రోడ్డు మీదే బండి ఆపాడు.

"ఏం పెద్దాయనా, ఇంకా ఈడ్నే ఉన్నావా? ఇంటికి పోలేదా?"

"ఇంట్లో ఏమైంది?"

బ్రహ్మం బిత్తరపోయాడు. "నీకు తెల్వదా? నీ కొడుక్కు, కోడలికి పాజిటివ్ వచ్చి తీసకపోయినారు కదా, ఆరు రోజులాయె. పాపను గిద్దలూరులో అమ్మమ్మ కాడికి పంపినారు. పెద్దమ్మకు మాత్రం అప్పుడు లేదన్నారు. నిన్న బజార్లో చూస్తే గోడ పట్టుకొని నడస్తా ఉన్నాది."

ఆరు రోజులు. ఆరు రోజులూ ఆమె ఒంటరిగా వండి, కిలోమీటరు నడిచొచ్చి, బాగున్నారని చెప్పి పోయింది.

యోసేపు కర్ర పట్టుకొని బయల్దేరాడు. కిలోమీటరు దూరానికి లెక్కలేనన్ని చోట్ల ఆగాడు. ఆగిన ప్రతిచోటా వెనక్కి పొమ్మని లోపల ఎవరో గుంజుతున్నట్టే ఉంది. శ్యాంసన్‌ను దించిన తాళ్లు, ఆ గుంత కళ్లముందు ఆడాయి. ఊళ్లోకి రాగానే తలుపుల్లో నుంచి చూశారు గానీ ఎవరూ పలకరించలేదు. ఇంటి ముందు తెల్లగా బ్లీచింగు పొడి చల్లి ఉంది.

గుమ్మం దగ్గర నిలబడి లోపలికి చూశాడు. సౌభాగ్యమ్మ కింద చాప మీద గోడవైపు తిరిగి పడుకొని ఉంది. పొయ్యి చల్లగా ఉంది. బిందె ఖాళీ.

"సౌభాగ్యం."

ఆమె తల తిప్పింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "రావద్దయ్యా" అంది గొంతు పెగలక. "జరం. నువ్వు రావద్దు. పో."

యోసేపు గడప మీద చెయ్యి పెట్టాడు. ఎంతసేపు అలా నిలబడ్డాడో ఆయనకు గుర్తు లేదు. గడప అవతల ఉన్న గాలి ఇవతలి గాలికంటే వేరుగా ఉన్నట్టనిపించింది. కర్రను గోడకు ఆనించి, కండువాను మూతికి బిగించి కట్టుకున్నాడు. తర్వాత లోపలికి అడుగుపెట్టి బిందె తీసుకున్నాడు.

అర బిందె నీళ్లు కొళాయి నుంచి తేవడానికి అర్ధగంట పట్టింది. గంజి కాచాడు. ఆమె తల ఎత్తి పట్టుకొని గ్లాసు నోటికి ఆనించినప్పుడు ఆమె ఊపిరి వేడిగా ముంజేతికి తగిలింది. అయినా గ్లాసు తీయలేదు.

మర్నాడు ఏఎన్ఎం శిల్ప వచ్చి వాకిట్లో నిలబడింది. వేలికి పెట్టి ఒంట్లో ఆక్సిజన్ చూసే మిషనును అరుగు మీద పెట్టి, ఎలా తగిలించాలో చెప్పింది. సౌభాగ్యమ్మకు తొంభై మూడు.

"మాత్రలేసుకోండి. తొంభై కంటే తగ్గితే వెంటనే ఫోను చెయ్యాల, ఆసుపత్రికి పంపిస్తాం. తాతా, నీది కూడా చూడు."

యోసేపు వేలు పెట్టాడు. అంకెలు అటూ ఇటూ కదిలి తొంభై ఒకటి దగ్గర ఆగాయి. జ్వరం లేనివాడికి జ్వరం ఉన్నామెకంటే తక్కువ.

"అంటే నాక్కూడా వచ్చినట్టేనామ్మా?"

శిల్ప ముసుగు సరిచేసుకొని దగ్గరికి వచ్చింది. "నీకు ఎప్పుడూ ఇంతే ఉంటాదేమో తాతా. ముందెప్పుడూ చూడలేదు కదా, నాకెట్ల తెలుస్తాది?" ముక్కులో పుల్ల పెట్టి శాంపిలు తీసుకొని, మిషనును అక్కడే వదిలి వెళ్లింది.

తర్వాతి రోజులు ఆ అంకెల్లోనే గడిచాయి. ఆమె వేలికి ఒకసారి, తన వేలికి ఒకసారి. ఒక మధ్యాహ్నం ఆమెది తొంభై ఒకటికి పడిపోయింది. ఆమెను బోర్లా పడుకోబెట్టి, వీపు రాస్తూ, నోటికొచ్చిన కీర్తన పాడబోయాడు. రెండో చరణానికి గాలి చాలక మానేసి ఊరికే పక్కన కూర్చున్నాడు. సాయంత్రానికి తొంభై రెండు అయింది. పొద్దున లేవగానే తన నుదురు తానే తాకి చూసుకునేవాడు. ఈ రోజు కాకపోతే రేపు అనుకునేవాడు.

ఎనిమిదో రోజున సౌభాగ్యమ్మకు జ్వరం దిగింది. పచ్చిమిరపకాయ కావాలని అడిగింది. యోసేపుకు నెగెటివ్ అని వాలంటీరు వీధిలో నుంచే కేకేసి చెప్పాడు. యోసేపు నమ్మలేదు. ఇంకో వారం దాకా నుదురు తాకి చూసుకుంటూనే ఉన్నాడు. ఈలోగా కొడుకూ కోడలూ చిక్కిపోయి ఇల్లు చేరారు. పాపను గిద్దలూరు నుంచి తెచ్చుకున్నారు.

నెల చివర ఒక పొద్దున కొడుకూ కోడలూ మళ్లీ టౌనుకు బయల్దేరి వెళ్లారు. యోసేపు అరుగు మీద కూర్చున్నాడు. సౌభాగ్యమ్మ పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"ఆరు రోజులు నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఆడ్నే చచ్చిపోతావనుకుంటి. భయంతోనే."

"చెప్పింటే వచ్చేటోణ్ణి."

"వచ్చేటోడివా?"

యోసేపుకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "తెలీదు సౌభాగ్యం" అన్నాడు. "బ్రహ్మం చెప్పినాక కూడా దోవలో రెండు తూర్లు వెనక్కి తిరిగినా."

ఆమె చేటలో బియ్యం ఒకసారి ఎగరేసి చూసుకుంది. "ఇప్పుడు పోయిందా భయం?"

"యాడ పోతాది? వాళ్లు ఇల్లు చేరే దాకా ఇట్లనే ఉంటాది."

"నాకూ అంతే" అంది సౌభాగ్యమ్మ. చేట పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది. వాళ్లు రాగానే స్నానాలకు నీళ్లు కాచడానికి కట్టెలు సరిపోతాయో లేదో చూడడానికి ఇంటి వెనక్కి నడిచింది. యోసేపు కూడా కర్ర అందుకొని ఆమె వెనకే, ఆగి ఆగి, పోయాడు.