నాచుభూతం ఆడిన ఆదివారాలు

నెలలో మొదటి ఆదివారం మిషనక్క పొద్దున్నే కుట్టుపని మొదలుపెట్టి, పదకొండున్నరకల్లా మిషను మీద గుడ్డ కప్పేసేది. ముందుగదిలో కుర్చీ కింద పాత దుప్పటి పరిచి, తలుపు గడియ తీసి ఉంచేది. నాలుగు వీధుల అవతల మందుల షాపాయన తన గోదాములో 'నాచుభూతం' సినిమా వేసేది ఆ రోజే. అక్కడ తెర మీద బొమ్మ పడగానే ఇక్కడ మెట్ల మీద తడి అడుగుల చప్పుడు. చనిపోయిన భర్త వచ్చి కుర్చీలో కూర్చునేవాడు, ఆకుపచ్చ రబ్బరు తొడుగులో, నీళ్ళోడుతూ.

కింది వాటా ఇస్త్రీ ఆవిడ సణిగేది. "వస్తే వచ్చాడు గానీ, మెట్లు తుడిచి పొమ్మనవే అమ్మాయ్. మొన్న కాలు జారి చచ్చేదాన్ని."

"ఆ గోళ్ళతో గుడ్డ పట్టుకోలేడు వదినా. నేను తుడుస్తాలే."

ముప్పై ఏళ్ళ కిందట ఆయన ఐసు బండి తోలేవాడు. ఆరడుగుల మీద మూడంగుళాల మనిషి. చేతిలో చిల్లిగవ్వ లేకుండా సినిమాకు దిగిన నలుగురు కుర్రాళ్ళు ఆ ఎత్తు చూసి భూతం వేషమిచ్చారు. పరుపులో స్పాంజి, సైకిలు ట్యూబులు, కిటికీ తెరలు కలిపి తొడుగు కుట్టింది మిషనక్కే. వీపు మీద జిప్పు పెట్టింది. ఆఖరి రోజు మిట్టమధ్యాహ్నం, మండుటెండలో, భూతం బల్లెం తగిలి చెరువు గట్టున పడిపోవాలి. పడ్డాడు. కాళ్ళు తన్నుకున్నాడు, మట్టి గీరాడు. "ఏం నటిస్తున్నాడ్రా బాబూ!" అని డైరెక్టరు కెమెరా ఆపనివ్వలేదు. జిప్పు ఇరుక్కుపోయింది. తొడుగు ఊడదీసేసరికి ప్రాణం లేదు. ఆ ముక్క మాత్రం సినిమాలో అలాగే ఉండిపోయింది.

అదేమీ తెలియని మందుల షాపాయన చొక్కాలు కుట్టించుకోవడానికి వచ్చినప్పుడల్లా అదే పాట.

"అంతా బోగస్సే అక్కగారూ! చంద్రుడికి తీగ కనిపిస్తుంది, శవం రెప్పలార్పుతుంది. పదేళ్ళప్పుడు చూసి పక్క తడిపాను, ఇప్పుడు చూసి నవ్వుకుంటాను. ఇంత అమాయకంగా అబద్ధమాడేవాళ్ళ మీద ప్రేమ పుట్టకుండా ఎట్లా ఉంటుంది? కానీ ఆ ఆఖరి షాటుకి హాల్లో నవ్వు టక్కున ఆగిపోతుందండీ. మీ ఆయన మహానటుడు."

ఆమె తలూపి బొత్తాలు కుట్టడంలో పడిపోయేది.

ఆ గంటా ఇరవై నిమిషాలూ భర్త పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది. ఆయన వినేవాడు. చివర్లో కుర్చీలోంచి జారి, నేల మీద కొట్టుకునేవాడు. ఆమె గోడవైపు తిరిగి చెవులు మూసుకునేది. తొడుగు విప్పాలని అనుకోని నెల లేదు. విప్పితే మళ్ళీ రాడేమో! రెండు నిమిషాలు కళ్ళు మూసుకుంటే గంటకు పైగా మొగుడు దక్కుతాడు. నరకం ఆయనది, లాభం తనదని తెలుసు. తెలిసే ఊరుకుంది.

ఓ బుధవారం మందుల షాపాయన ఫోను చేశాడు. "అక్కగారూ, మన సినిమా ఫోన్లోకి ఎక్కించాను! ఎవరైనా, ఎప్పుడైనా చూసుకోవచ్చు. పొద్దుటి నుంచి నాలుగొందల మంది! చాలామంది సరాసరి ఆఖరి షాటే పెట్టుకుంటున్నారు."

భర్త పొద్దుటి నుంచీ ఆమె కాళ్ళ దగ్గరే ఉన్నాడు. కుర్చీలో కూర్చున్నదే లేదు. పడుతున్నాడు, తన్నుకుంటున్నాడు, లేచీ లేవకముందే మళ్ళీ పడుతున్నాడు.

ఆమె ఫోను పెట్టేసి కత్తెర తీసుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని, తన కుట్టు వెంబడే మెడ నుంచి నడుం దాకా కత్తిరించింది. ముసుగు వెనక్కి లాగింది. చెమటలో మునిగిన ఇరవై తొమ్మిదేళ్ళ ముఖం. బావిలోంచి తేలినవాడిలా గాలి పీల్చుకుని, ఆమె నెరిసిన జుట్టుకేసి చూశాడు.

"కాసిని మంచినీళ్ళిస్తారా అత్తయ్యా? మీ అమ్మాయి ఎక్కడికెళ్ళింది?"

ఆమెకు తల్లి పోలిక. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

"దారం తెస్తానని వెళ్ళింది బాబూ. వచ్చేస్తుంది."

రెండు చెంబులు తాగాడు. తెగిన వీపు తడుముకుని, "అవతల షాటుకి పిలుస్తున్నారు. దీన్ని కాస్త కుట్టిపెడతారా?" అన్నాడు.

"వద్దు. గాలాడనీ."

తొడుగు భుజాల మీదికి లాక్కుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఎంతసేపు చూసినా తిరిగి రాలేదు.

సాయంత్రం మళ్ళీ ఫోను. మందుల షాపాయన గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

"కొంప మునిగిందండీ! ఆఖరి షాటు ఎట్లాగో పాడైపోయింది. చచ్చిపడ్డ భూతం పొట్ట ఎగిరెగిరి పడుతోంది. హాయిగా ఊపిరి తీసుకుంటున్నాడండీ, తెర చీకటయ్యేదాకా తీసుకుంటూనే ఉన్నాడు! జనం పడీ పడీ నవ్వుతున్నారు. ఇంకెవరు చూస్తారు దీన్ని?"

ఆమె ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది.

"ఇంకోసారి చెప్పు తమ్ముడూ," అంది.