తోక లేని మాట

అయినా ఆ మాట తనది కాదు కదా. నోరు మాత్రమే తనది. మంచు పగులు మీద అడ్డంగా వేసిన కుక్కల బండిని, నన్ను అవతలికి ఎందుకు దాటించావని ఎవరూ నిలదీయరు. నిలదీయరు సరే, అది ఒకసారి విరిగితే మాత్రం మళ్ళీ దాని మీద కాలు పెట్టరు. తిట్టరు, కొట్టరు, చుట్టూ తిరిగి పోతారు. అదే బాధ.

రెగినె మంచం అంచున కూర్చుని, సీల్ తోలు బూట్లలో ఎండుగడ్డి సర్దుతూ అనుకుంటున్న మాటలివి. కుడి బూటు సిద్ధమైంది. ఎడమది చేతిలోనే ఉండిపోయింది.

ఇంకాసేపట్లో బడి గదిలో సభ. గ్రీన్‌లాండ్ ఐరోపా కూటమిలో ఉండాలా, బయటికి రావాలా అని వచ్చే వారం ఊరూరా ఓట్లు వేయబోతున్నారు. ఉండాలనే నాయకుడొకడు, రావాలనే నాయకుడొకడు, నిన్న ఒకే హెలికాప్టర్లో దిగారు. డెన్మార్క్ నుంచి వచ్చిన హోల్మ్‌గోర్‌కు ఊరి భాష రాదు. దావిద్‌సెన్ ఈ నేల బిడ్డే గాని, చదువు కోసమని చిన్నప్పుడే డెన్మార్క్ పంపేస్తే అక్కడే భాష పోగొట్టుకున్నాడు. ఇద్దరి డేనిష్‌నూ ఊరి మాటలోకి దించాల్సిన దుబాసి రెగినె.

కానీ ఆమె మనసు సభలో లేదు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము దగ్గరి మంచు మీద ఉంది.

పొద్దున తాగునీటికి మంచుగడ్డలు తేవడానికి పోయినప్పుడు చూసింది. సూర్యుడు ఈ మధ్యే కొండల మీదికి తిరిగొచ్చాడు. ఆ పలచటి వెలుగులో కొమ్ము పక్కన సముద్రపు మంచు నల్లగా, తడి తోలులా మెరిసింది. కింద ప్రవాహం దాన్ని నాకేస్తోంది. రేపు తెల్లవారగానే ఆమె బావ జకరియస్, అక్క లౌరాను బండెక్కించుకుని ఆ దారినే చేపల గాలాలు వేయడానికి పోతాడు. అందుకే రెగినె అక్కడి నుంచి ఇంటికి కూడా రాకుండా నేరుగా అతని దగ్గరికే వెళ్ళింది.

"బావా, కొమ్ము దగ్గర మంచు నల్లబడింది. రేపు అటు పోవద్దు."

జకరియస్ కుక్కలకు చేపముక్కలు విసరడం ఆపలేదు. "ఇది నువ్వు చెప్తున్నావా మరదలా, కోపెన్‌హాగెన్ చెప్తోందా?"

"నేనే. కళ్ళారా చూశాను."

"నేనూ చూశాను, మొన్నటి దాకా. రాయిలా ఉంది." ఇంకో ముక్క విసిరాడు. "అయినా వేడినీళ్ళ ఇల్లు కూడా అప్పుడు నువ్వే చెప్పావుగా."

"ఇంకా ఎన్నాళ్ళంటారండీ ఆ మాట," అంది గుమ్మంలోంచి లౌరా.

"నేనేమన్నానే? మీ చెల్లెలు చెప్పింది నీకూ చెప్తున్నా. మంచు నల్లబడిందిట."

ఆ చివరి అక్షరం రెగినెకు గాలంలా గుచ్చుకుంది.

వాళ్ళ భాషలో మాట చివర తగిలించే చిన్న తోక ఒకటుంది, గోఖ్ అని. మన 'ట'కు కవల. ఎలుగు వచ్చింది అంటే, చెప్పినవాడు ఎలుగును చూశాడని. వచ్చిందిట అంటే, చూసింది ఇంకెవరో అని. నడక రాకముందే పిల్లలకు ఆ తేడా వస్తుంది. చలిదేశంలో ఆ ఒక్క అక్షరం మీద ప్రాణాలు నిలబడతాయి.

దుబాసి చదువులో రెగినె చేత ఆ తోక కోయించారు. కోపెన్‌హాగెన్‌లో పంతులు, దుబాసి అద్దం లాంటివాడన్నాడు. మాట్లాడేవాడు 'నేను' అంటే నువ్వూ 'నేను' అనాలి, మధ్యలో నువ్వు కనబడకూడదు. ఆమె అది బాగా నేర్చుకుంది, మంచి విద్యార్థిని. చదువు ముగించి వచ్చిన ఏడాదే ఒక అధికారి వచ్చి, ఊరొదిలి పట్నం వచ్చినవాళ్ళకు వేడినీళ్ళ కొళాయి ఉన్న ఇల్లిస్తాం, పని ఇస్తాం అన్నాడు. ఆమె నోట అది ఎలా వచ్చిందో ఊరంతటికీ గుర్తుంది. ఇల్లిస్తాం. పని ఇస్తాం. ఆ గొంతు వాళ్ళు పుట్టినప్పటి నుంచీ ఎరిగిన గొంతు, సొంత మనిషి గొంతు. జకరియస్ నమ్మి వెళ్ళాడు. ఇల్లయితే ఇచ్చారు, మేడ మీద మేడ. కింద కుక్కల్ని కట్టుకోవడానికి చోటు లేదు. పని రాలేదు. కుక్కల్ని తానే తుపాకీతో కాల్చుకుని, కొంతకాలానికి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

ఒక్కనాడూ ఆమెను తిట్టలేదు. వేళాకోళం ఆడతాడు, అంతే. ఊరూ అంతే. ఎవరికీ ఆమె మీద కోపం లేదు, నమ్మకమూ లేదు. కాలం గడిచేకొద్దీ ఆమెకే తన మాట మీద అనుమానం పట్టుకుంది. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు 'కాఫీ అయింది' అని పైకి అనుకున్నా, అది ఎవరి తరఫున అన్నానని ఒక్క క్షణం వెతుక్కునేది. అద్దంగా ఉండి ఉండి, ఎదుట ఎవరూ నిలబడనప్పుడు అద్దంలో ఏముంటుందో తెలియని స్థితి అది.

ఎడమ బూటులో గడ్డి కుక్కింది. లేచింది. భయంగా లేదు. ఎందుకో ఆకలిగా ఉంది.

బడి గది కిక్కిరిసి ఉంది. కాఫీ కాగుతోంది. ఎండుచేప వాసన, తడి తోళ్ళ వాసన. వెనక బల్ల మీద జకరియస్, పక్కనే లౌరా. ముందు వరసలో ముసలి మార్గ్రెతె పిన్ని, మెడలో మఫ్లరు, ఒళ్ళో అల్లిక.

హోల్మ్‌గోర్ లేచాడు. మంచి గొంతు. "కూటమిలో ఉంటే ఈ ఊరికి రేవు వస్తుంది. ఆసుపత్రి వస్తుంది. నేను మాట ఇస్తున్నాను."

రెగినె నోరు తెరిచింది. వాక్యం తయారుగానే ఉంది, ఎన్నేళ్ళుగానో తయారవుతున్నట్టే, నున్నగా, తోక లేకుండా. వెనక బల్ల మీద జకరియస్ ముందుగానే నవ్వడానికి సిద్ధమై ఉన్నాడు. ఆ నవ్వును చూసి ఆమెకు ఒక విషయం తట్టింది. ఇన్నాళ్ళూ తను పోగొట్టుకున్నది ఊరి నమ్మకం అనుకుంది. కాదు. పోగొట్టుకున్నది ఒక అక్షరం. అక్షరమైతే దొరుకుతుంది.

"కూటమిలో ఉంటే ఈ ఊరికి రేవు వస్తుందిట," అంది. "ఆసుపత్రి వస్తుందిట. ఆయన మాట ఇస్తున్నారట."

అల్లిక సూదులు ఆగాయి. ఎవరో చిన్నగా నవ్వారు. ఎగతాళి కాదు. బిగుతు బూటు విప్పినప్పుడు పాదం నుంచి వచ్చే నిట్టూర్పు లాంటిది. ఆ ఊళ్ళో అవుననడానికి నోరక్కర్లేదు, కనుబొమలెత్తితే చాలు. కాదనడానికి ముక్కు ముడిస్తే చాలు. రేవు అన్నప్పుడు గదిలో సగం ముక్కులు ముడుచుకున్నాయి. హోల్మ్‌గోర్ అది ఎండుచేప వాసన వల్ల అనుకుని, పాపం, కిటికీ కొంచెం తెరవమన్నాడు.

తర్వాత దావిద్‌సెన్. "బయటికొస్తే మన సముద్రం మనదవుతుంది. పరాయి ఓడలు పోతాయి. డెన్మార్క్ నుంచి వచ్చే డబ్బులో ఒక్క క్రోన్ కూడా తగ్గదు."

ఇక్కడే ఆమెకు కష్టమైంది. మొదటి మాట ఆమె నమ్మని మాట, తోక తగిలించడం తేలిక. ఇది కోరుకున్న మాట. తన ఓటూ ఇటే. తోక తీసేస్తే ఎవరికి తెలుస్తుంది? తనకు తెలుస్తుంది. ఇష్టమైన మాటను చూసిన మాటగా అమ్మడమే కదా వీళ్ళంతా చేస్తున్నది.

"మన సముద్రం మనదవుతుందిట. పరాయి ఓడలు పోతాయిట. ఒక్క క్రోన్ కూడా తగ్గదట."

దావిద్‌సెన్ ఆమె వైపు వంగాడు. డేనిష్‌లోనే, గొంతు తగ్గించి అడిగాడు. "ఏమ్మా, నాక్కూడానా ఆ తోక? అదొక్కటీ నాకు గుర్తుంది. మా అమ్మ దెయ్యాల కథలకు తగిలించేది."

"మీరు చూసొచ్చిందైతే చెప్పండి, తీసేస్తాను."

అతను ఆమెను తేరిపార చూశాడు. కోపం వస్తుందనుకుంది. రాలేదు. అతని మొహంలో ఎక్కడో ఒక పిల్లవాడు తల్లి పక్కన పడుకుని వింటున్నట్టు అనిపించింది.

"ఉండనీ," అన్నాడు. "రేపటి సంగతి నేనెక్కడ చూశాను."

సభ సాగింది. ఇద్దరూ చెప్పాల్సిందంతా చెప్పారు. రెగినె ఒక్క మాట తగ్గించలేదు, పెంచలేదు, ప్రతి మాటకూ దాని యజమాని గుర్తు వేసి పంపింది. మనుషులు ముందుకు వంగి వింటున్నారు. ఇలా విని ఎన్నాళ్ళయిందో.

చివర్లో మార్గ్రెతె పిన్ని సూదులు ఒళ్ళో పెట్టుకుంది. "ఉంటే కలిగినవాళ్ళమవుతామట, బయటికొస్తే కూడా కలిగినవాళ్ళమవుతామట. ఎటైనా కలిగినవాళ్ళమే అయితే కాఫీ ఎందుకమ్మా ఇంత పలచన?"

గది గొల్లుమంది. రెగినె ఆ మాటను పొల్లుపోకుండా డేనిష్‌లో చెప్పింది. నాయకులిద్దరూ కూడా నవ్వారు, ఒకరినొకరు చూసుకోకుండా.

"ఇంకెవరికైనా ప్రశ్నలున్నాయా?" అన్నాడు హోల్మ్‌గోర్.

వెనక బల్ల కిర్రుమంది. జకరియస్ లేచాడు. అతను సభల్లో మాట్లాడగా ఎవరూ వినలేదు. చేతిలో టోపీ తిప్పుతున్నాడు, నవ్వు మాత్రం లేదు. వేదిక వైపు చూడనైనా లేదు.

"ప్రశ్న వాళ్ళకు కాదు, దుబాసికి," అన్నాడు. "మరదలా. కొమ్ము దగ్గర మంచు నల్లబడిందిట. రేపు మీ అక్కను బండి మీద తీసుకుపోవాలి నేను. ఆ మాట ఎవరిది?"

"ఏమంటున్నాడు?" అని హోల్మ్‌గోర్ ఆమె మోచేయి తాకాడు. లౌరా తలెత్తి చెల్లెల్నే చూస్తోంది. రెగినె హోల్మ్‌గోర్‌కు తర్వాత చెబుతానని చేత్తో సైగ చేసింది. నాయకులిద్దరి మధ్య నుంచి ఒక అడుగు ముందుకు వచ్చి నిలబడింది.

"నల్లబడింది, బావా," అంది.